తూరు, ఓరుగల్లు

మట్టికోట, రాతికోట, వాటి చుట్టూ అగడ్తలు: ఓరుగల్లు మనకు కొత్త కాదు. 1309లో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ సేనాని మాలిక్ కాఫర్ దండు అక్కడికి పోయింది మన పాత ఆదిలాబాద్ జిల్లా మీదుగానే అన్న సంగతి మాత్రం ఇచ్చోడలో ఎవరూ పెద్దగా తలచుకోరు. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఆ దండయాత్ర గురించి రాసిన సర్బర్ కోట మన సిర్పూరేనని చరిత్రకారుల మాట. లోపలివాళ్లు ఆలుబిడ్డలతో నిప్పుల్లో దూకారని చెప్పి, ఆయన కలం ఓరుగల్లుకు సాగిపోతుంది.

ఓరుగల్లుది తవ్వుకున్న అగడ్త అయితే, మధ్యధరా తీరంలోని తూరుకు సముద్రమే అగడ్త. అప్పట్లో అది ఒడ్డుకు అర మైలు దూరంలోని దీవి. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ఒడ్డున ఉన్న పాత తూరును కూల్చి, ఆ రాళ్లతోనే నీళ్లలో కట్ట పోయించాడు. తూరువాళ్లు తక్కువ తిన్నారా? ఒక ఓడలో ఎండుకొమ్మలు, గంధకం, కీలు నింపారు. ముక్కు పైకి లేచేలా వెనక బరువు పెట్టి, దాన్ని కట్ట మీదికి ఎక్కించి నిప్పంటించారు. కట్ట చివర అలెగ్జాండర్ నిలిపిన రెండు చెక్క బురుజులూ తగలబడిపోయాయి.

అలాగే ఓరుగల్లు నుంచి కూడా వెయ్యిమంది రౌతులు రాత్రిపూట శత్రువు మీద పడ్డారు. అయితే కాఫర్ ముందే శిబిరం చుట్టూ కొయ్యదడి కట్టించి ఉన్నాడు. వాళ్ల సాహసం ఫలించలేదు.

అక్కడా ఇక్కడా పని ఒకటే, నీటిని పూడ్చడం. ముగింపులే వేరు. ఏడు నెలల తర్వాత తూరు పడింది; ముప్పై వేల మందిని బానిసలుగా అమ్మారని నాలుగు వందల ఏళ్లు దాటాక గ్రీకు చరిత్రకారుడు ఏరియన్ రాశాడు. ఓరుగల్లులో మట్టికోట పోయాక కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు మెడలో గొలుసు వేసిన తన బంగారు ప్రతిమను పంపి సంధి అడిగాడు. కాఫర్ ఏనుగులు, గుర్రాలు, ధనం పట్టుకుని వెళ్లిపోయాడు. అల్లావుద్దీన్‌కు కావలసింది ధనం, నేల కాదు. అలెగ్జాండర్‌కైతే పారసీక నౌకలకు ఆసరా అయిన రేవును వెనక వదిలి కదిలే వీలు లేదు.

అందుకే, నా దృష్టిలో, తూరుకు అసలు జోడు 1310లో సంధితో ముగిసిన ఆ ముట్టడి కాదు, 1323 నాటిది. కోట అదే, రాజూ అతడే. ఈసారి ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ వచ్చింది నేల కోసం. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీ దారి పట్టి మధ్యలోనే పోయాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. తూరుకు పేరు మిగిలింది గానీ దీవితనం పోయింది. అలెగ్జాండర్ కట్టకు ఇసుక మేటవేసి, ఊరు నేలలో కలిసిపోయింది.