నల్లని వలయాన్ని చదివే నేర్పు

గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ఉందని తేల్చేది బయాప్సీ. అది ఎంతమేర పాకిందో చూపించేది ఎమ్మారై. ఆ చూపు యంత్రం ఒక్కదాని గొప్పే అనుకుంటే, దాని ముందు కూర్చుని పనిచేసే టెక్నీషియన్‌నూ, రేడియాలజిస్టునూ చిన్నబుచ్చినట్టే.

టీ2 అనే రకం ఎమ్మారై చిత్రం చూడండి. ముఖద్వారపు గట్టి పీచు పొర నల్లని వలయంలా కనిపిస్తుంది. కంతి బూడిద రంగులో ఉంటుంది. ఆ నలుపు చుట్టూరా ఎక్కడా తెగకుండా ఉంటే, కంతి పక్కనున్న పేరామెట్రియం అనే కణజాలంలోకి దాటలేదని ధీమాగా చెప్పవచ్చు. దాటితే అది 2బి దశ. అప్పుడు మామూలుగా ఆపరేషన్ మాట పక్కనపెట్టి రేడియేషన్, కీమోథెరపీ కలిపి ఇస్తారు. ఒక సన్నని నల్లగీత మీద అంత పెద్ద నిర్ణయం ఆధారపడి ఉంది.

ఆ గీత సరిగా కనబడాలంటే స్కాన్ చిత్రపు కోత (స్లైస్) కోణం కుదరాలి. బెండకాయను ఏటవాలుగా తరిగితే చక్రం కోలగా సాగినట్టే, ముఖద్వారాన్ని వాలుగా చూస్తే వలయం మసకబారి, తెగనిచోట కూడా తెగినట్టు భ్రమ కలుగుతుంది. గర్భాశయం వంపు అందరిలో ఒకేలా ఉండదు. అందుకే టెక్నీషియన్ ముందుగా పక్కనుంచి తీసిన చిత్రంలో ముఖద్వారపు నాళం ఎటు వాలి ఉందో చూసుకుని, దానికి సరిగ్గా అడ్డంగా కోతలు పెడతాడు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన పలుచని కోతలు. పేగుల కదలిక చిత్రాన్ని చెడగొట్టకుండా ముందు కొన్ని గంటలు ఏమీ తినవద్దంటారు, చాలాచోట్ల పేగులను కాసేపు నెమ్మదింపజేసే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. ఇదంతా రిపోర్టులో కనబడని శ్రమ. నాకు అన్నిటికన్నా గౌరవం కలిగేది ఇక్కడే.

తర్వాతిది చదివేవారి వంతు. కంతి పెద్దదైతే చుట్టూ వాపు వస్తుంది. ఆ వాపునే వ్యాప్తిగా పొరబడకుండా డిఫ్యూజన్ అనే మరో రకం ఎమ్మారై చిత్రాలను పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. పిల్లలు కావాలనుకునే చిన్న వయసు స్త్రీ అయితే, కంతికీ గర్భాశయపు లోపలి ద్వారానికీ మధ్య దూరం కొలుస్తారు. గర్భాశయాన్ని ఉంచి, ముఖద్వారం మాత్రమే తీసే వీలుందో లేదో చెప్పడానికి ఆ కొలత కీలకం.

ఒకప్పుడు దశ నిర్ణయం ప్రధానంగా డాక్టరు చేతి పరీక్ష మీదే నడిచేది. 2018లో స్త్రీ వ్యాధుల, ప్రసూతి వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో స్కాన్లలో తేలినదాన్ని కూడా దశ నిర్ణయంలో చేర్చింది.

ఈ స్కాన్‌కి వెళ్లేవారికి ఒక మాట. బయాప్సీ ఏ తేదీన జరిగిందో తప్పక చెప్పండి, ఆ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. కోసినచోట వచ్చే వాపు, రక్తపు మరక కూడా చిత్రంలో పడతాయి. ఆ సంగతి తెలిస్తేనే చదివేవారు కంతిని సరిగా కొలవగలరు.