పేరు వెనుక మనిషి (ముందుమాట)

ఏటా అక్టోబరు 21న పోలీసు మైదానాల్లో ఆ ఏడాది విధి నిర్వహణలో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది మన పోలీసులు నేలకొరిగారు. వాళ్ల జ్ఞాపకంగా మొదలైన రోజు ఇది. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలో ఇలా పోయినవాళ్లు 36 వేలకు పైమాటే. అంత పెద్ద జాబితాలో మన ఊరి పిల్లవాడి పేరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిపోయిందో పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. ఈ పుస్తకం ఆ పేరు దగ్గర ఆగింది.

అందుకు, దీన్ని రాసిన తమ్ముడు పడ్డ శ్రమ చిన్నది కాదు. ఈ పేర్లన్నీ వెతికిన రామగుండం పోలీస్ కమిషనరేట్ ఏర్పడిందే 2016లో. అంతకుముందు గోదావరికి ఇవతలున్న పెద్దపల్లి కరీంనగర్ జిల్లాది, అవతలున్న మంచిర్యాల ఆదిలాబాద్ జిల్లాది. పాతికేళ్ల కింద పోయిన ఒక కానిస్టేబుల్ వివరం కావాలంటే రెండు పాత జిల్లాల కాగితాలు తిరగెయ్యాలి. కాగితం దొరకనిచోట తమ్ముడు వాళ్ల ఇళ్లకే పోయి కూర్చున్నాడు.

అలా దొరికిన ఒక పేజీ నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఒక కానిస్టేబుల్ పొద్దున బందోబస్తుకు బయలుదేరినట్టు స్టేషన్ జనరల్ డైరీలో రాసి ఉంది. తిరిగి వచ్చినట్టు రాసిన వాక్యం లేదు. బిడ్డ స్కూలు ఫీజు డబ్బులు చొక్కా జేబులో పెట్టుకొని, వచ్చేటప్పుడు కట్టి వస్తానని చెప్పి పోయాడట. ఆయన ఇల్లాలు అదంతా చెప్పి, చివరికి "ఫీజు ఎస్సై సారే కట్టిండు" అన్నది. తమ్ముడు దానికి ఒక్క విశేషణం కూడా తగిలించలేదు. ఆ నిగ్రహం నాకు ఎంతో నచ్చింది.

కరీంనగర్ ఎస్పీగా పనిచేసిన ఉమేశ్‌చంద్రను 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ సంజీవరెడ్డినగర్‌లో కాల్చి చంపారు. అక్కడి కూడలిలో ఆయన విగ్రహం ఉంది, ఉండవలసిందే. ఆ దాడిలోనే పోయిన గన్‌మన్, డ్రైవర్ ఎందరికి గుర్తున్నారు? ఈ పుస్తకంలో పెద్ద అధికారికీ హోంగార్డుకూ సమానంగా పేజీలు దక్కడం చూసి నా మనసు నిండింది.

మాది బొగ్గుబాయిల నేల. డ్యూటీకి పోయిన మనిషి ఇంటికి రాకపోవడమంటే ఏమిటో ఇక్కడ ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు పోయారు. గనిలో తండ్రి పోతే కొడుకుకు సింగరేణిలో కొలువు, పోలీసు తండ్రి పోతే కారుణ్య నియామకం. తండ్రిని మింగిన కొలువులోకే కొడుకును పంపే తల్లులు మా వాడల్లో రెండువైపులా ఉన్నారు. పోలీసులకు ఎదురు నిలిచినవాళ్లలోనూ ఈ నేలవాళ్లున్నారు; మావోయిస్టు అగ్రనేత మల్లోజుల కోటేశ్వరరావు పుట్టిందీ పెద్దపల్లిలోనే. ఒకే బడిలో చదివిన పిల్లలు ఒకరు ఖాకీ తొడిగి, ఒకరు అడవి బాట పట్టిన కాలం అది. పోలీసులకూ మావోయిస్టులకూ మధ్య సాగిన ఆ పోరు మంచిచెడ్డల తీర్పు ఈ పుస్తకం తలకెత్తుకోలేదు. చనిపోయినవాళ్ల కథ చెప్పేటప్పుడు మరొకరి మీద పగ రగిలించకపోవడమే సరైన పద్ధతని నా నమ్మకం.

తూటాకు పోయినవాళ్లతోనే ఆపకుండా, రాజీవ్ రహదారి మీద రాత్రి గస్తీలో లారీ కింద పడ్డవాళ్లను, కరోనా రోజుల్లో చెక్‌పోస్టుల దగ్గర నిలబడి జబ్బు తెచ్చుకొని పోయినవాళ్లను కూడా చేర్చాడు. వాళ్లకు అమరులన్న మాట వర్తిస్తుందా అని వాదించేవాళ్లుంటారు. వాళ్ల భార్యాబిడ్డల ముందు నిలబడి ఆ వాదన చెయ్యగలరేమో చూసుకోమంటాను.

కొన్ని పేర్ల పక్కన ఫొటో లేదు, కొందరి సొంతూరు తెలియలేదు. మీ ఇంట్లో పాత పెట్టెలో గుర్తింపు కార్డో, పెళ్లి ఫొటోనో ఉంటే తమ్ముడికి చేర్చండి. రెండో ముద్రణకు ఆ ఖాళీలు పూడ్చే పనిలో ఇప్పటికే పడ్డాడు. ఆ ముద్రణ ప్రూఫులు దిద్దే బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను.