కరుణకు ఆలంబనం ఎవరు?

చర్చి తరఫున వారం పదిరోజులకు పరదేశం వెళ్ళి, అక్కడి పిల్లలకు సేవచేసి తిరిగివచ్చే యాత్రలు ఈనాడు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక పెద్ద ఆచారం. హైటీ, హోండురాస్, కెన్యా, కంబోడియా - గమ్యాలు అనేకం. ఈ యాత్రలతోపాటు ఒక వాఙ్మయం కూడా పుట్టింది. బయలుదేరే ముందు చందాల కోసం రాసే లేఖ, అక్కడ ఉన్నన్నాళ్ళూ రాసుకునే దినచర్య, తిరిగివచ్చాక సంఘం ఎదుట చదివే సాక్ష్యం - ఇవి దాని ప్రధాన ప్రక్రియలు. సాహిత్య గౌరవం లేదని విమర్శకులు వీటిని పట్టించుకోరు. కాని ఇంతమంది శ్రద్ధగా రాసి, కన్నీళ్ళతో వినే రచనను విమర్శ విస్మరించరాదు. ఆ రచన పసిపిల్లల బతుకుల్నే మార్చగలిగినప్పుడు అసలే విస్మరించరాదు.

ఈ సాక్ష్యాలలో కథ దాదాపు ఒక్కటే. విమానం దిగగానే దారిద్ర్యాన్ని చూసి దిగ్భ్రమ. మరునాడు అనాథాశ్రమం. బైబిలు కథలు, పాటలు, ఆటలు, గోడలకు రంగులు. ఒక పసిపిల్ల పరుగున వచ్చి ఒడిలో చేరుతుంది. చివరిరోజు కన్నీటి వీడ్కోలు. ముగింపులో రెండు మాటలు ఇంచుమించు తప్పవు: ఏమీ లేకపోయినా ఆ పిల్లలు ఎంతో సంతోషంగా ఉన్నారన్నది ఒకటి, ఇవ్వడానికి వెళ్ళి, ఇచ్చినదానికన్న ఎక్కువ పొంది వచ్చామన్నది రెండవది.

ఆ రెండవ మాటలో అబద్ధం లేదు. అది ఆ ప్రక్రియ స్వభావాన్నే బయటపెడుతున్నది. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ భావానికి ఆశ్రయం యాత్రికుడు, ఆలంబనం పిల్లవాడు, చిరిగిన చొక్కా, చెప్పుల్లేని కాళ్ళు ఉద్దీపనాలు, కన్నీళ్ళు అనుభావాలు. సామగ్రి అంతా సమకూరింది. కాని ఆలంబనానికి తనదంటూ ఒక కథ అక్కరలేదు. ఆ పిల్లవాని తల్లి ఎవరు, ఏ పని చేస్తుంది, ఎంత కూలి వస్తుంది, వాడు ఈ ఆశ్రమానికి ఎట్లా చేరాడు - ఈ ప్రశ్నలు వేస్తే రసభంగమవుతుంది. కనుక సాక్ష్యం వాటిని వేయదు. ఈ రచయితలకు ప్రేమ లేదనడం అన్యాయం. ప్రేమ పుష్కలంగా ఉన్నది. కార్యకారణ దృష్టి లేదు.

పసిపిల్ల ఒడిలో చేరే ఘట్టాన్నే తీసుకుందాం. సాక్ష్యానికి అదే ప్రాణం. పరిచయం లేని మనిషి దగ్గరకు జంకూ గొంకూ లేకుండా వచ్చిన పిల్లను చూసి, అది దైవప్రేమ చేసిన పని అని రచయిత పొంగిపోతాడు. కాని మన యిండ్లలో రెండేండ్ల పిల్ల కొత్తవారిని చూస్తే ఏమి చేస్తుంది? తల్లి కొంగు చాటున దాక్కుంటుంది. దాక్కోవడానికి కొంగు లేని పిల్ల మాత్రమే ఎవరు చేతులు చాస్తే వారి దగ్గరకు పోతుంది. సంస్థలలో పెరిగే పసివారిలో ఈ లక్షణాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏనాడో గుర్తించారు. పదిరోజులకొక కొత్త బృందం వచ్చి, అక్కున చేర్చుకొని, విడిచిపోతూ ఉంటే ఆ గాయం మానదు, రేగుతుంది. అంటే సాక్ష్యం ఏ దృశ్యాన్ని ఫలమని వర్ణించిందో అది నిజానికి వ్యాధి లక్షణం.

ఇక ‘అనాథ’ అన్న మాట. 2011లో కంబోడియా ప్రభుత్వమూ యునిసెఫ్ కలిసి వెలువరించిన అధ్యయనం ప్రకారం 2005 నుంచి 2010 లోపల ఆ దేశంలో ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. వాటిలోని పిల్లలలో దాదాపు నాలుగింట మూడువంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. యుద్ధం లేని ఆ రోజులలో ఇందరు ‘అనాథలు’ ఎక్కడినుంచి వచ్చారు? పేదతనం వల్ల, చదువు మీది ఆశ వల్ల తల్లిదండ్రులే పంపారు. అనాథలను చూడాలని వచ్చే పరదేశీయులు, వారి చందాలు ఉన్నందువల్ల ఆశ్రమాలు వెలిశాయి. గిరాకీ ఉన్నచోట సరుకు తయారవుతుంది. ఇక్కడ సరుకు పిల్లలు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ బాలల హక్కులపై చేసిన తీర్మానంలో ఈ ప్రమాదాన్ని పేర్కొనవలసి వచ్చింది.

హైటీలో జరిగినది ఇంకా తీవ్రమైనది. 2010 జనవరి 12న భూకంపం వచ్చింది. అదే నెల 29న పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లలను, తగిన పత్రాలు లేకుండా, డొమినికన్ రిపబ్లిక్ సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. అనాథలను కాపాడుతున్నామన్నారు. విచారిస్తే చాలామందికి తల్లిదండ్రులున్నారు. చదువు దొరుకుతుందన్న ఆశతో వారే బిడ్డలను అప్పగించారు. అపహరణ నేరారోపణ తరువాత వీగిపోయింది. బృంద నాయకురాలికి మాత్రం అక్రమ ప్రయాణం ఏర్పాటు చేసినందుకు శిక్ష పడింది. వారిని దొంగలనడం తేలిక. నాకు తోచినంతవరకు వారు సాక్ష్యంలోని కథను అక్షరాలా నమ్మారు. ఆ కథలో పిల్లవానికి తల్లి లేదు కనుక నిజంలోనూ లేదనుకున్నారు.

ఇదంతా మతద్వేషమని ఎవరైనా అనవచ్చు. కాని ఈ విమర్శలో ముందు నడిచినవారు క్రైస్తవులే. హోండురాస్‌లో నివసించిన జో ఆన్ వాన్ ఎంజెన్ అనే క్రైస్తవ అధ్యాపకురాలు 2000లో ఒక లెక్క చెప్పింది: 18 మంది విద్యార్థులు 25 వేల డాలర్లు పోగుచేసి, వసంతకాలపు సెలవులలో వచ్చి, ఒక అనాథాశ్రమానికి రంగులు వేసి, పిల్లలతో ఆడి వెళ్ళారు. జీతాలతో, తిండి బట్టలతో సహా ఆ ఆశ్రమానికి ఏడాది ఖర్చు 45 వేలు! అంతకు చాలా ముందే, 1968 ఏప్రిల్ 20న, మెక్సికోలోని క్వెర్నవాకాలో ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ మతాచార్యుడు, సేవకోసం వచ్చిన అమెరికన్ విద్యార్థుల ముఖం మీదనే చెప్పాడు: చూడడానికి రండి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రాకండి అని.

నవలా ప్రక్రియ ఈ సత్యాన్ని మరొక విధంగా పట్టుకున్నది. బార్బరా కింగ్సాల్వర్ 1998లో ప్రచురించిన ‘ది పాయిజన్‌వుడ్ బైబిల్’లో నేథన్ ప్రైస్ అనే బాప్టిస్టు బోధకుడు 1959లో భార్యనూ నలుగురు కుమార్తెలనూ వెంటబెట్టుకొని, ఏడాది పనికని బెల్జియన్ కాంగో వెళ్తాడు. ఊరి పిల్లలకు నదిలో బాప్తిస్మం ఇవ్వాలని అతని పంతం. తల్లులు పిల్లలను పంపరు. అజ్ఞానమని అతడు మండిపడతాడు. ఆ నదిలో ఒక బాలికను మొసలి పొట్టన పెట్టుకున్నదన్న సంగతి అతనికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. తల్లులను ఒక్క మాట అడిగి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. శిల్పదృష్టితో మరొక విశేషం: కథ చెప్పే అధికారం రచయిత్రి బోధకునికి ఇవ్వలేదు, భార్యకూ కుమార్తెలకూ ఇచ్చింది. సాక్ష్యం చెప్పే గొంతు మారేసరికి సేవ స్వరూపమే మారిపోయింది. అయినా ఊరి తల్లులకు కథనాధికారం ఈ నవలలో కూడా దక్కలేదు. అది దాని పరిమితి.

తెలుగువారికి పోలిక దూరం పోనక్కరలేదు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు క్లౌ దొర ఇక్కడ దశాబ్దాలపాటు ఉన్నాడు, తెలుగు నేర్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం కంట్రాక్టు పట్టి, మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించాడు. సాయంకోసం మతంలో చేరారనిపించుకోకుండా ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. ఆయన లక్ష్యం మతప్రచారమే. పరప్రభుత్వపు నీడలోనే పనిచేశాడు. అయినా తండ్రి చేతికి కూలి అందితే బిడ్డ తల్లి దగ్గరే ఉంటుందన్న సంగతి ఆ కాలువగట్టు మీద రుజువైంది. పదిరోజుల యాత్రకు ఆ సంగతి తెలుసుకునే వ్యవధి లేదు.

దీన్ని పరాయివారి తప్పుగా చదివి తృప్తిపడితే మనకు మిగిలేదేమీ లేదు. అభ్యుదయ కథలనే చూడండి: రైలుస్టేషనులో బిచ్చమెత్తే పిల్లవాడు, హోటల్లో కప్పులు కడిగే కుర్రవాడు ఎన్నిసార్లు వచ్చి, కథకుని గుండె కరిగించి, మాయమైపోలేదు! అక్కడా ఆశ్రయం కథకుడే, ఆలంబనం పిల్లవాడే. వాడి పేరు మనకు గుర్తుండదు. కథకుని సంస్కారం గుర్తుంటుంది. విమానం ఎక్కనంత మాత్రాన మన కథ సాక్ష్యం కాకుండా పోదు.

కనుక సేవా రచనలకు గాని, మన కథలకు గాని ఒకే గీటురాయి పెట్టవచ్చు. ఇందులో పిల్లవానికి తల్లి ఉన్నదా? ఆమె మాట్లాడిందా? ఆమె కూలి ఎంతో పాఠకునికి తెలిసిందా? ఈ మూడింటికీ జవాబు లేని రచన ఎంత కంటతడి పెట్టించినా, దాన్ని నమ్మి ఎవరి బిడ్డనూ ఎక్కడికీ తరలించకూడదు.