ఏడు గొంతులు అడిగే ఒపెరా

మేయర్‌బీర్ స్వరపరిచిన ‘లే యుగ్నో’ను నిలబెట్టాలంటే ఒక్క గొప్ప గొంతు చాలదు. ఏడుగురు కావాలి, ఏడుగురిదీ వేర్వేరు విద్య. 1836లో పారిస్‌లో తొలిసారి ఆడిన ఈ ఐదంకాల ఒపెరాకు అదే పారిస్ ఒపెరాలో 1906లో వెయ్యో ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత అంతమంది గాయకులను ఒక్కచోట చేర్చే స్తోమత చాలా సంస్థలకు లేకపోయింది. 1990లో సిడ్నీ ఒపెరా హౌస్‌లో దీన్ని మళ్లీ వేదికెక్కించి చిత్రీకరించారు కాబట్టి, ఆ విద్యలన్నిటినీ ఇవాళ దగ్గరగా చూడగలుగుతున్నాం.

కథ 1572 నాటిది. పారిస్‌లో ప్రొటెస్టంట్ల ఊచకోత ముంచుకొస్తుండగా ప్రొటెస్టంట్ యువకుడు రావుల్, క్యాథలిక్ ప్రభువు కూతురు వాలెంటీన్ ప్రేమలో చిక్కుకుంటారు. ఆ రెండు వర్గాలనూ కలపాలని చూసే రాణి మార్గరీత్‌గా సిడ్నీలో జోన్ సదర్లాండ్ పాడింది. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. 1990 అక్టోబరు 2న ఇదే పాత్రతో ఒపెరా వేదికకు వీడ్కోలు చెప్పింది. సంగీత నిర్వహణ భర్త రిచర్డ్ బోనింగ్‌ది.

ఆ పాత్రను ఎంచుకోవడంలోనే ఆమె తెలివి కనిపిస్తుంది. మార్గరీత్ బరువంతా రెండో అంకంలోనే ఉంది. తూరెన్ ప్రాంతపు అందాన్ని కీర్తిస్తూ నెమ్మదిగా మొదలయ్యే పాట, చివర్లో వేగమందుకుని స్వరాల వానగా మారుతుంది. ఈ రకం గానాన్ని కొలరటూరా అంటారు. ఇందులో ట్రిల్ అనేది పెద్ద పరీక్ష. పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్య గొంతు వేగంగా ఊగాలి, అయినా ఆ రెండూ దేనికది స్పష్టంగా వినపడాలి. అలా వినపడకపోతే అది ట్రిల్ కాదు, వణుకు. సదర్లాండ్ దీర్ఘస్వరాల్లో వయసు తెలుస్తుంది, అక్కడక్కడా కదలిక వెడల్పుగా ఉంది. ట్రిల్ మాత్రం చెక్కుచెదరలేదు. మాటల స్పష్టత విషయంలో ఆమెను మొదటినుంచీ తప్పుపట్టినవాళ్లున్నారు, ఇక్కడా వాళ్లది అన్యాయమైన మాట కాదు. కానీ ఊపిరిని కొలిచి ఖర్చుపెట్టడంలో ఆమె ముందు ఎవరు నిలుస్తారు?

మైకు లేకుండా ఆర్కెస్ట్రాను దాటి వినిపించడం ఈ కళకు పునాది. ఆర్కెస్ట్రా శక్తి ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. సాధన చేసిన మగ గొంతు 3000 హెర్ట్జ్ దగ్గర ఒక ప్రత్యేకమైన మెరుపు తెచ్చుకుంటుంది. అరవకుండానే అది ఆర్కెస్ట్రా మీదుగా దూసుకొస్తుంది. మన పద్యనాటక నటులు వెనక వరుస దాకా వినిపించడానికి చేసిన సాధన గుర్తున్నవారికి ఈ శ్రమ విలువ ఇట్టే తెలుస్తుంది.

రావుల్ పాత్ర ఇంకా చిక్కుది. మేయర్‌బీర్ దాన్ని టెనర్ (పై స్థాయి మగ గొంతు) గాయకుడు అడాల్ఫ్ నూరి కోసం రాశాడు. నూరి పై స్వరాలను తల గొంతుతో మృదువుగా అందుకునేవాడు. 1837లో మరో టెనర్ గిల్బేర్ దుప్రే పై స్వరాన్ని ఛాతీ గొంతుతో గర్జించి పారిస్‌ను వెర్రెత్తించాక, టెనర్లందరి మీదా ఆ బలంతోనే పాడాలన్న ఒత్తిడి పడింది. సిడ్నీలో ఆన్సన్ ఆస్టిన్‌ది తేలిక గొంతు. నాలుగో అంకపు యుగళగీతానికి అలాంటి గొంతే సరైనదని నా అభిప్రాయం. బయట ఊచకోతకు సన్నాహం జరుగుతోంది, వాలెంటీన్ (అమాండా థేన్) అతన్ని ఆపడానికి తన ప్రేమ బయటపెట్టేస్తుంది. ఆ మాట మళ్లీ చెప్పమంటూ అతను పై స్థాయిలో మెల్లగా పాడాలి. ఎత్తుగా, మెత్తగా, ఒకే ఊపిరిలో! బలం ఒక్కటే ఉన్న గొంతు ఇక్కడ చేతులెత్తేస్తుంది.

రావుల్ ముసలి సేవకుడు మార్సెల్‌గా క్లిఫర్డ్ గ్రాంట్ పాడాడు. ఈ బేస్ (మంద్రస్థాయి మగ గొంతు) పాత్రధారి సంభాషణాగానానికి చెల్లో, డబుల్ బేస్ మాత్రమే తోడు. గొంతులో ఏ లోపమున్నా దాచుకునే చోటు లేదు. ఐదో అంకంలో చావుకు సిద్ధమైన ప్రేమికులను మార్సెల్ ప్రశ్నించేటప్పుడు బేస్ క్లారినెట్ ఒంటరిగా వెంట నడుస్తుంది. ఈ ప్రదర్శనను తెర మీద చూసేటప్పుడు ఒక విషయం మాత్రం నమ్మకూడదు. రికార్డింగు మైకులు పెద్ద గొంతునూ చిన్న గొంతునూ ఒకే ఎత్తుకు తెచ్చేస్తాయి. అందుకే ఎవరి గొంతు ఎంత పెద్దదన్నది పక్కన పెట్టి, వాక్యం మధ్యలో ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో చూడండి.