గొంతుకు కట్టే వేషం

రాక్షసుడి గొంతు తయారు చేయడానికి ఇప్పుడు స్టూడియో అక్కర్లేదు. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక మోస్తరు మైకు, హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు. మామూలు గొంతుతో నాలుగు మాటలు రికార్డు చేసి, పిచ్ కిందికి దించి, కాస్త రివర్బ్ కలిపితే గుహలోంచి ఎవరో మాట్లాడినట్టే ఉంటుంది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు, పిల్లలకు కథలు చెప్పే పాడ్‌కాస్టర్లు, గేములు తయారు చేసేవాళ్లు ఈ దారి పడుతున్నారు. సంతోషమే. అయితే అలా పుట్టిన గొంతుల్లో చాలావాటికి ఒకదానికీ ఇంకొకదానికీ తేడా ఉండదు. అంతకంటే పెద్ద లోపం, ఆ గొంతులు ఏమంటున్నాయో అర్థం కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నాటకంలో కిరీటం, గద, కోరమీసం ఎలాగో గొంతుకు పిచ్, ఫార్మెంట్, రివర్బ్ అలాగ. అవి ఆహార్యం. మాటతో చేసే అభినయాన్ని, అంటే వాచికాన్ని మాత్రం మనిషే చెయ్యాలి. తెలుగు రాక్షసుడి విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాడి బలమంతా మాటలోనే ఉంది.

సింహాద్రి అప్పన్న ఊళ్లో ఉంటున్నాం కాబట్టి ఆ కథనే తీసుకుందాం. హిరణ్యకశిపుడు కొడుకును సముద్రంలోకి తోయించి పైన కొండ పెట్టించబోతే స్వామి వచ్చి కాపాడిన చోటు ఇదేనని సింహాచలం స్థలపురాణం. ఆ తండ్రి కొడుకును బుజ్జగిస్తాడు, వాదిస్తాడు, బెదిరిస్తాడు, చివరికి నీ హరి ఎక్కడున్నాడని నిలదీస్తాడు. తెలుగు సినిమా నోరు విప్పింది ఈ కథతోనే. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద'లో మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. దానికి ఆధారం సురభి వారి నాటకం. అంటే మన టాకీ తొలి రాక్షసుడు రంగస్థలం నుంచి మాటలు వెంటబెట్టుకుని వచ్చాడు. మరుసటి ఏడాదే అమెరికాలో 'కింగ్ కాంగ్' వచ్చింది. ముర్రే స్పివాక్ అనే శబ్దనిపుణుడు సింహం, పులి గర్జనల్ని రికార్డు చేసి, వేగం తగ్గించి, వెనక్కి తిప్పి ఆ జంతువుకు అరుపు తయారు చేశాడు. 1954లో జపాన్ వాళ్ల 'గాడ్జిలా'కు సంగీత దర్శకుడు అకీరా ఇఫుకుబే డబుల్ బేస్ తీగల్ని వదులు చేయించి, వాటి మీద తోలు గ్లవ్ రాపిడితో గర్జన పుట్టించాడు. రెండూ గొప్ప పనులే. కానీ ఆ జీవాలకు చెప్పాల్సిన మాటంటూ ఏదీ లేదు. సాఫ్ట్‌వేర్లలో 'మాన్‌స్టర్' పేరుతో దొరికే రెడీమేడ్ సెట్టింగులు ఆ బాటలోనివే. వాటిని యథాతథంగా హిరణ్యకశిపుడికి తొడిగితే వాడి ప్రశ్న పోయి అరుపు మిగులుతుంది.

యంత్రం నిజంగా ఇవ్వగలిగింది ఒడ్డూ పొడుగూ. తక్కువ స్థాయి శబ్దం వినగానే పెద్ద ఆకారం ఊహకు వస్తుంది. ఓడరేవు ఉన్న ఊరికి ఇది కొత్త సంగతి కాదు. సముద్రంలో ఓడలు ఢీకొనకుండా 1972లో చేసుకున్న అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 200 మీటర్లు దాటిన ఓడ హారన్ 70 నుంచి 200 హెర్ట్జ్‌ల మధ్య మోగాలి. 75 మీటర్ల లోపు ఓడదైతే 250 నుంచి 700 మధ్య. మనిషి గొంతులో ఈ పెద్దతనాన్ని రెండు కొలతలు నిర్ణయిస్తాయి. ఒకటి పిచ్, మగవాళ్లకు మామూలుగా 120 హెర్ట్జ్ ప్రాంతం. రెండోది స్వరపేటిక నుంచి పెదవుల దాకా ఉన్న దారి, సుమారు 17 సెంటీమీటర్లు. ఆ దారిలో పుట్టే అనునాదాలే ఫార్మెంట్లు. వాటిని కదలనివ్వకుండా పిచ్ ఒక్కటే దించితే అదే మనిషి గొంతు బొంగురుపోయినట్టు ఉంటుంది. ఫార్మెంట్లను కూడా ఓ 15 శాతం దించితే ఆ దారి 20 సెంటీమీటర్లైనట్టు చెవి నమ్ముతుంది. అప్పుడు వినిపించేది వేరే శరీరం.

అయితే ఈ శరీరం ఊరికే రాదు, దాని ఖరీదు అక్షరాలు చెల్లిస్తాయి. 'స' పలికినప్పుడు శబ్దబలం సుమారు 6 వేల హెర్ట్జ్‌ల దగ్గర పోగవుతుంది. మొత్తం గొంతును 12 సెమీటోన్లు దించితే అది సగానికి, 3 వేల దగ్గరికి పడుతుంది. అక్కడ చెవికి వినపడేది 'ష'. రాక్షసరాజు 'సభ' అంటే 'షభ' అవుతుంది, భయం పుట్టాల్సిన చోట నవ్వు పుడుతుంది. రివర్బ్ చేసే నష్టం ఇంకోటి. హిరణ్యకశిపుడి ప్రశ్నకు ప్రాణం 'ఎక్కడ' అన్న మాట. అందులో ద్విత్వం పలకాలంటే నాలుక గాలిని ఒక్క క్షణం పూర్తిగా ఆపాలి. ఆ చిన్న నిశ్శబ్దమే ఒత్తు. అంతకు ముందు పలికిన అచ్చు ప్రతిధ్వని వచ్చి ఆ ఖాళీని నింపితే ఒత్తు కరిగిపోతుంది, దానితోపాటే గద్దింపూ కరిగిపోతుంది. కాబట్టి పిచ్‌ను మూడు నుంచి అయిదు సెమీటోన్ల దగ్గర ఆపడం మేలు. 'స', 'శ' లాంటి చోట్ల పై స్థాయి శబ్దాన్ని అసలు రికార్డింగు నుంచే ఉంచుకోవాలి. రివర్బ్‌ను వాక్యం చివర్లకే పరిమితం చెయ్యాలి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. గర్జన లేయర్ కలపాలనుకుంటే ఆ చివరి అచ్చు కింద దానికి కావలసినంత చోటుంది, హల్లుల జోలికి పోనక్కర్లేదు. ఇంకో మాట. 60 హెర్ట్జ్‌ల బేస్ సెల్‌ఫోన్ స్పీకర్‌లో దాదాపుగా పలకదు. గొంతుకు కొంచెం డిస్టార్షన్ ఇస్తే పై స్థాయి హార్మోనిక్స్ పుడతాయి, వాటిని బట్టి చెవి ఆ లోతును తానే పూరించుకుంటుంది.

ఇన్ని చేసినా భయం వస్తుందన్న హామీ లేదు. దాన్ని తెచ్చేది నటుడే అనడానికి మన సినిమాల్లోనే సాక్ష్యం ఉంది. 'మాయాబజార్' (1957)లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు తల్లి దగ్గర గారంగా ఉంటాడు, కౌరవుల మాటెత్తితే ఉరుముతాడు; రెండూ ఒకే గొంతు. 'అరుంధతి' (2009)లో సోనూ సూద్ ఆకారానికి పి. రవిశంకర్ ఇచ్చిన గొంతు జనంలో ఎంతగా నాటుకుందంటే, 'బొమ్మాళి' ఆయన పేరు ముందు చేరిపోయింది. 'ముత్యాలముగ్గు' (1975) చూడండి. రావు గోపాలరావు కాంట్రాక్టరు గొంతు పెంచడు, తొందరపడడు. ఆ నింపాదితనానికే ఒళ్లు జలదరిస్తుంది. అందులో దించిన పిచ్ లేదు, గుహ ప్రతిధ్వని లేదు. ఎక్కడ ఆగాలో, ఏ అక్షరం మీద బరువు వెయ్యాలో తెలిసిన మనిషి ఉన్నాడు.

దీనికి కొన్ని అభ్యంతరాలు వస్తాయి, వాటిలో న్యాయం ఉంది. రంగారావు గొంతు అందరికీ ఉంటుందా అంటారు. ఉండదు. సన్నని గొంతున్న అమ్మాయి హిడింబి పాత్రో, శూర్పణఖ పాత్రో చెయ్యగలగడం సాఫ్ట్‌వేర్ చేసిన గొప్ప మేలు. గంటల తరబడి గొంతు చించుకుని గర్జిస్తే స్వరతంత్రులు దెబ్బతింటాయి. ఆ గరుకుదనం యంత్రంతో తెచ్చుకోవడమే తెలివి. కానీ ఆ అమ్మాయికి కావలసిన కోపం, పంతం సాఫ్ట్‌వేర్ మెనూలో ఉండవు. మాట అర్థం కాకుండానే 'బాహుబలి' కాలకేయుడు భయపెట్టలేదా అని ఇంకొకరు అడగవచ్చు. భయపెట్టాడు. అయితే వాడికోసం మదన్ కార్కీ కిలికి అనే భాషనే కట్టాడు, దాని హల్లులూ చిటుకులూ స్పష్టంగా పలికేలా చూశారు. అదీ వాచికమే. ఏఐ వచ్చాక ఇదంతా ఎందుకన్నది మూడో ప్రశ్న. మన మాటను ఇంకో గొంతులోకి మార్చే ఏఐ మన విరుపుల్నీ విరామాల్నీ అలాగే మోసుకుపోతుంది. చప్పగా చెప్పినదాన్ని ఎంత గొప్ప గొంతులో పోసినా చప్పగానే ఉంటుంది. పైగా అది పేరున్న కళాకారుడి గొంతైతే అనుమతి తీసుకోవడం ధర్మం. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును ఏఐతో అనుకరించకుండా 2024లో బొంబాయి హైకోర్టు అడ్డుకున్న సంగతి మరువరాదు.

సాఫ్ట్‌వేర్‌కు పూర్తి స్వేచ్ఛ ఇవ్వదగిన ఘట్టమూ ప్రహ్లాద కథలోనే ఉంది. స్తంభం పగిలాక నరసింహుడిది గర్జన. అక్కడ అక్షరం చెడుతుందన్న బెంగ లేదు, సింహం గొంతును ఎంత దించినా, ఎన్ని లేయర్లు కలిపినా తప్పులేదు. దానికి ముందు ప్రశ్న అడిగినవాడి గొంతు తేటగా వినిపించి ఉంటేనే ఆ గర్జన జవాబు అవుతుంది. అందుకే రాక్షసుడి గొంతు చేస్తున్న పిల్లలకు నా మనవి ఇది. పిచ్ మీద చెయ్యి వేసే ముందు, ఏ ఎఫెక్టూ లేని మీ మామూలు గొంతును ఇంకొకరికి వినిపించండి. వాళ్లకు కొంచెమైనా జంకు పుడితే సాఫ్ట్‌వేర్ తెరవండి. పుట్టకపోతే మైకు ముందుకు వెళ్లి ఆ మాట మళ్లీ చెప్పండి.