ఎవరూ లేని ఫోటోలు

ఇసుకతో సగం నిండిపోయిన గది ఫోటో మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఒకదాని వెనక ఒకటి తెరిచి ఉన్న తలుపులు, గోడల మీద వెలిసిపోయిన నీలం రంగు, కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ. చాలాకాలం నా ల్యాప్‌టాప్ వాల్‌పేపర్ అదే. నైట్ డిప్లాయ్‌మెంట్లలో విసుగొచ్చినప్పుడు స్క్రీన్ మీదివన్నీ మినిమైజ్ చేసి కాసేపు దాన్ని చూసేవాణ్ణి. ఆ ఊరు నమీబియా ఎడారిలో ఉందనీ, పేరు కోల్మన్‌స్కోప్ అనీ చాలా తర్వాత తెలిసింది.

1908లో అక్కడి రైలు పట్టాల మీద ఇసుక తోడుతున్న జకారియస్ లెవాలా అనే కూలీకి ఒక వజ్రం దొరికింది. తీసుకెళ్లి పైనున్న జర్మన్ అధికారికి ఇచ్చాడు. అధికారి కోటీశ్వరుడయ్యాడు. ఎడారి మధ్యలో ఆసుపత్రి, ఐస్ ఫ్యాక్టరీ, డాన్స్ హాలు లేచాయి. ఇంకా దక్షిణాన పెద్ద వజ్రాలు దొరకడంతో ఊరు ఖాళీ అవడం మొదలై, 1956 కల్లా పూర్తిగా ఖాళీ అయింది.

ఇదంతా తెలిశాక ఆ ఫోటోలని మళ్లీ చూశాను. పదే పదే కనిపించే గదులన్నీ మేనేజరువీ, ఆర్కిటెక్టువీ, టీచరువీ. లెవాలా లాంటి వాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లో ఆ ఫోటోల్లో కనబడదు. వజ్రాల కోసం ఎవరు ఇసుకలో పాకారో గుర్తుచేసేది ఏదీ వాటిలో లేదు. ఇసుక ఎంత అందంగా పేరుకుందో మాత్రం ఉంది. ఫోటోలోని దిగులంతా కాలానిదే. ఎవరి మీదా కోపం రాని దిగులు. ఈ తరహా ఫోటోగ్రఫీతో నా పేచీ అక్కడే మొదలైంది.

ఫ్రేములో మనుషులు లేకపోవడమే తప్పని నేననడం లేదు. జర్మన్ దంపతులు బెర్న్ద్ బెకర్, హిల్లా బెకర్ దాదాపు జీవితమంతా గని టవర్లు, బ్లాస్ట్ ఫర్నేసులు, నీళ్ల ట్యాంకులే ఫోటోలు తీశారు. మనిషన్నవాడు దాదాపు ఎక్కడా కనిపించడు. బెర్న్ద్ గనులున్న ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు. మొదట్లో ఒక గనిని బొమ్మ గీస్తుంటే, గీయడం పూర్తయ్యేలోపే దాన్ని కూల్చేస్తున్నారని కెమెరా పట్టాడు. వాళ్లు ఎండ ఉంటే తీసేవారు కాదు, మబ్బు పట్టేదాకా ఆగేవారు. నీడలుండవు. ప్రతిదాన్నీ ఎదురుగా, ఒకే రకంగా తీసి, తొమ్మిదో పన్నెండో ఒకచోట గళ్లుగా పేర్చేవారు. కింద ఊరి పేరు, సంవత్సరం.

మొదటిసారి చూసినప్పుడు ఎక్సెల్ షీటులా ఉందే అనుకున్నాను. కాసేపటికి మెల్లగా పని మొదలైంది. ఈ టవర్‌కి కాళ్లు అటువైపు ఎందుకు వంగి ఉన్నాయి? తాడు లాగే ఇంజను అటుందన్నమాట. పక్కదానికి చక్రాలు రెండెందుకు? కోల్మన్‌స్కోప్ గది నన్ను నిట్టూర్చమంటుంది. బెకర్ల టవర్ అది ఎలా పనిచేసేదో అడగమంటుంది. ఎలా పనిచేసేదని అడిగితే, దాన్ని ఎవరు నడిపారు, ఎవరు ఆపేశారు అన్న ప్రశ్నలు ఎంతో దూరంలో ఉండవు. డార్ట్‌మండ్‌లోని జోలెర్న్ బొగ్గుగని యంత్రశాలని కూల్చకుండా 1969లో కాపాడినవాళ్లలో ఈ దంపతులూ ఉన్నారు. వాళ్లకి అది శిథిలం కాదు, ఇంకా నిలబెట్టదగ్గ కట్టడం.

ఇంత తెలిసిన నేను చేసిందేమిటో కూడా చెప్పాలి.

బెంగళూరు నుంచి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వంద కిలోమీటర్లు. ఒక శనివారం బైకేసుకుని వెళ్లాను. ఆ పేరు మనలో చాలామందికి 2018లో వచ్చిన యశ్ సినిమాతోనే తెలిసింది. అందులోని నరాచి కల్పితం. అసలు ఊళ్లో 1880లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకి దిగింది. 120 ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం తీశారు. దిగినవాళ్లలో ఎక్కువమంది తమిళులు, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. కొందరు రాతి పేలుళ్లలో పోయారు, కొందరు ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి పోయారు. 2001లో గని మూతపడింది. బంగారం తీశాక మిగిలిన పిండిమట్టి గుట్టలుగా ఇప్పటికీ ఉంది. గాలి గట్టిగా వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకొస్తుంది.

కూలీల లైన్లలో ఒక ఇల్లు కనిపించింది. సున్నం రాలిన నీలం గోడ, పెంకులు జారిన కప్పు, తుప్పు పట్టిన తాళం. పైగా సాయంత్రం ఎండ. నేను వాల్‌పేపర్‌గా పెట్టుకున్న గది తాలూకు చెల్లెలిలా ఉంది. మోకాళ్ల మీద కూచుని తీస్తుంటే పక్కింటి అవ్వ బయటికొచ్చింది.

"ఏం తీస్తా ఉండావు నాయనా?"

"పాత ఇళ్లు అవ్వా. ఇందులో ఎవరూ ఉండరు కదా?"

"ఎందుకుండరు? మా తమ్ముడి కొడుకుది. పొద్దున్నే బెంగుళూరికి పనికి పోయినాడు. రాత్రి రైలుకొస్తాడు."

మారికుప్పం నుంచి తెల్లారకముందే బయల్దేరే రైళ్లలో ఇక్కడివాళ్లు వేలమంది రోజూ బెంగళూరు వెళ్లొస్తారు. ఆ రైలు వైట్‌ఫీల్డ్ మీదుగానే వస్తుంది. నా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోనే.

సిగ్గుపడాల్సింది ఆ తర్వాతి సంగతికి. అవ్వ మాట విన్నాక కూడా ఇంటికొచ్చి, షాడోస్ తగ్గించి, నీలం పెంచి, "కాలం మర్చిపోయిన ఊరు" అని పెట్టి పోస్ట్ చేశాను. నేను తీసినవాటిలో ఎక్కువ లైకులు దానికే వచ్చాయి.

డెట్రాయిట్ ఫోటోల మీద ఇలాంటి గొడవే నడిచింది. 2010లో ఆ నగర శిథిలాల మీద పెద్ద పెద్ద ఫోటో పుస్తకాలు వచ్చాయి. అదే ఏడాది జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఏడు లక్షల మందికి పైగా ఉన్నారు. మా ఊరిని చచ్చిపోయినట్టు చూపిస్తున్నారేమని వాళ్లు అడిగారు. అప్పట్లో అది చదివి తల ఊపాను. మరి నేను చేసింది ఏమిటి? "పాడుబడింది" అన్నది ఇంటి లక్షణం అనుకుంటాం. చాలాసార్లు అది ఫోటోగ్రాఫర్ నిర్ణయం. మనం సెలవు రోజున, మధ్యాహ్నం దాటాక వెళతాం. ఆ ఇంటాయన అప్పటికి పనిలో ఉంటాడు. తాళం కప్ప మనకి జ్ఞాపకచిహ్నం, అతనికి తాళం కప్పే.

ఈ తరహా ఫోటోలు తీయొద్దని నేననను, నేనూ మానలేదు. అయితే ఇప్పుడు ఏ శిథిలం ఫోటో చూసినా రెండు చూస్తున్నాను: కింద ఊరి పేరు, ఏడాది ఉన్నాయా? ఇక్కడ పని ఎందుకు ఆగిందో అడిగే సందు ఉందా? ఈ రెండూ లేకుండా మంచి వెలుతురు మాత్రమే ఉంటే, అది ఇంకొకరి నష్టంతో మన గోడకి వేసుకున్న రంగు.

నా ఫోటో తీసేద్దామనుకుని ఆగాను. క్యాప్షన్ మార్చాను: "తాళం వేసిన ఇల్లు, ఛాంపియన్ రీఫ్. ఇంటాయన పనికెళ్లాడు." కింద ఎవరో "సో హాంటింగ్" అని కామెంట్ పెట్టారు. ఎండ, నీలం అలాగే ఉన్నాయి కదా. ఫోటో ఇంకా అందంగానే ఉంది. నాకు ఇబ్బందిగా ఉన్నది అదే.