అట్ట టాంకు

బొమ్మల యుద్ధం ఆడేవాళ్ళు అట్టతో టాంకులు చేస్తారంటే, మగవాళ్ళ కాలక్షేపమని నవ్వేయకండి. అది మనకు తెలిసిన విద్యే! కాగితం మీద కొలతలు గీసుకోవడం, అట్ట మీద పరిచి కత్తిరించడం, జాకెట్టుకు కుట్టు వదిలినట్లు అతుక్కి అంచు వదలడం.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, బ్రిటిషువాళ్ళు మొదటిసారి దించిన మార్క్ వన్ టాంకునే తీసుకోండి. తోకచక్రాలతో కలిపి దాదాపు 10 మీటర్ల పొడవు. 28వ వంతుకు కుదిస్తే అట్టబొమ్మ జానెడున్నర ఉంటుంది.

ఇలాంటి బొమ్మల్లో నాకు నచ్చనిది ఒకటే. పైన రివెట్లు మాత్రం చీరకు చమ్కీలు కుట్టినంత ఓపిగ్గా అతికిస్తారు. లోపల చూస్తే డొల్ల. అసలు టాంకులో ఆ డొల్లలోనే 8 మంది ఉండేవారు. వాళ్ళకూ ఇంజనుకూ మధ్య అడ్డుగోడైనా లేదు. ఆ వేడీ, ఆ పొగా వాళ్ళవే.

అయినా కొన్న బొమ్మకన్నా చేసిన బొమ్మే మేలంటాను. ఇంజను కొలతకు అట్టపెట్టె చేసి లోపల పెట్టి చూస్తే, మనుషులకు మిగిలిన చోటెంతో చేసేవాళ్ళ వేళ్ళకే తెలుస్తుంది. ఒక పక్క అట్ట అతికించకుండా వదిలి, ఆ ఇరుకును చూపించినదే నా లెక్కలో మంచి బొమ్మ. పిల్లలకు చూపించవలసిందీ అదే.